నాన్న పేర్లు పెట్టిన ఫోటోలను కొత్త ఫోల్డర్‌కి మార్చాలి, పేర్లు పోతున్నాయి. సాయం చేయండి

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది కర్నూలు పాత బస్తీ. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు మా బీరువా కింది అరలోని ఆల్బమ్‌లన్నీ నీళ్లలో నానిపోయాయి. నీళ్లు తీశాక నాన్న ఒక్కో ఫోటో విడదీసి మిద్దె మీద పాత పంచెలు పరిచి ఆరబెట్టారు. ఒకదానికొకటి అంటుకున్నవి చిరిగిపోయాయి. దక్కినవాటిని స్కాన్ చేయించి కంప్యూటర్‌లో పెట్టుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు సాయంత్రం పూట కూర్చుని, పికాసా అనే ఫోటోల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ముఖానికీ పేరు పెట్టుకుంటూ వచ్చారు. పేరుతో పాటు వరస కూడా రాసేవారు, "ఆదోని పెద్దత్త", "జేజి చెల్లెలు" అని.

నాన్న పోయి రెండేళ్లయింది. ఆ ఫోటోల్లో సగం మందిని గుర్తుపట్టేవాళ్లు ఇప్పుడు మా ఇంట్లో లేరు. అందుకే ఫోటోలు ఎంత ముఖ్యమో ఆ పేర్లు కూడా అంతే ముఖ్యం.

కంప్యూటర్ పాతది, విండోస్ 7. డి డ్రైవ్‌లో "ఫోటోలు" ఫోల్డర్, 186 జీబీ, 41 వేల పైచిలుకు ఫైళ్లు. వారం నుంచి డిస్క్ అప్పుడప్పుడూ టక్ టక్ అంటోంది. కొత్త లాప్‌టాప్, ఒక టీబీ పోర్టబుల్ డిస్క్ కొన్నాను. భయంతో ముందు చిన్న ఫోల్డర్ ఒకటి ప్రయత్నించాను. "1987 మేనత్త పెళ్లి" తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి, కట్ చేసి, అదే కంప్యూటర్‌లో ఇంకో ఫోల్డర్‌లో పేస్ట్ చేశాను. ఫోటోలు 64కి 64 వచ్చాయి. పికాసాలో చూస్తే ఒక్క ముఖానికీ పేరు లేదు. చేతులు వణికాయి. అక్కడే ఆపేశాను. ఆ పేర్లు తిరిగి వస్తాయా?


బురుజు నీడ (కర్నూలు)
శనివారం, రాత్రి 9:41

అక్కా, ముందు ఒక మాట. ఆ పాత ఫోల్డర్ "1987 మేనత్త పెళ్లి" ఖాళీగా కనిపిస్తోంది కదా అని డిలీట్ చేయలేదు కదా? చేయకుంటే చేయొద్దు. కంప్యూటర్ ఆపేసి ఉంచండి. డిస్క్ టక్ టక్ అంటుంటే అది నడిచే ప్రతి గంటా లెక్కే. ఎవరైనా "చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ కమాండ్) కొట్టు, సరిపోతుంది" అంటే వినొద్దు. దెబ్బతిన్న డిస్క్ మీద అది గంటల కొద్దీ తిరుగుతుంది. కాపీ అయ్యాకే అలాంటివి.


పాత కెమెరా (ప్రొద్దుటూరు)
శనివారం, రాత్రి 10:15

అమ్మా, పేర్లు పోలేదు. ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే ఉన్నాయి.

నేను బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను, పికాసా మొదటి నుంచీ వాడినవాడిని. పికాసా మీరు పెట్టిన పేరును ఫోటోలో రాయదు, మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప. ఫోల్డర్‌లోనే "డాట్ పికాసా డాట్ ఐఎన్ఐ" అనే చిన్న ఫైలు పెట్టుకుంటుంది. ఏ ఫోటోలో ఏ చోట ఏ ముఖం, అది ఎవరిది, ఏ ఫోటోకి స్టార్ పెట్టారు, ఎంత క్రాప్ చేశారు, అంతా అందులోనే. అది దాచిన ఫైలు. మీరు ఫోల్డర్ లోపలికి వెళ్లి అన్నీ సెలెక్ట్ చేసినప్పుడు కంటికి కనబడేవే సెలెక్ట్ అవుతాయి. దాచినవి అక్కడే ఉండిపోతాయి. 64 ఫోటోలు వెళ్లాయి, వాటి పేర్ల చీటీ పాత ఇంట్లో మిగిలింది.

అదే ఫోల్డర్‌ని బయట నుంచి, ఫోల్డర్‌గా పట్టుకుని కాపీ చేసి ఉంటే లోపల దాచినవి కూడా వెంట వచ్చేవి. తేడా అంతే.

రేపు కంప్యూటర్ పెట్టి, ఆర్గనైజ్ మెనూలో ఫోల్డర్ ఆప్షన్స్, వ్యూ ట్యాబ్‌లో "హిడెన్ ఫైల్స్ చూపించు" పెట్టండి. పాత ఫోల్డర్‌లో ఆ చిన్న ఫైలు కనబడుతుంది. "డాట్ పికాసా ఒరిజినల్స్" అని ఇంకో ఫోల్డర్ కూడా కనబడవచ్చు. నాన్నగారు ఏదైనా ఫోటో సరిచేసి సేవ్ కొట్టి ఉంటే, సరిచేయక ముందున్న అసలు ఫోటో అందులో ఉంటుంది. వరదలో మరకపడిన ఫోటోలు కాబట్టి చాలా సరిచేసి ఉంటారు. అది అస్సలు వదలొద్దు.

ఇంకొకటి. కొత్త చోట ఇప్పటికే పికాసా కొత్త ఐఎన్ఐ ఫైలు సృష్టించి ఉండవచ్చు. దాని మీద పాతది పెట్టే ముందు పికాసా పూర్తిగా మూసేయండి.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)
శనివారం, రాత్రి 10:32

సార్, ఇది చదివి కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. డిలీట్ చేయలేదు. ఫోల్డర్ అలాగే ఉంది. రేపు పొద్దున పెడతాను.


వేరుశనగ (ధర్మవరం)
శనివారం, రాత్రి 11:05

ఇంత కష్టం ఎందుకు మేడం, అన్నీ గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కిస్తే పోదా? డిస్క్ పోయినా భయం ఉండదు. ముఖాలు కూడా అదే గుర్తుపడుతుంది కదా.


పెన్న గాలి (అనంతపురం)
ఆదివారం, ఉదయం 6:50

తమ్ముడూ, ఒక అదనపు కాపీగా అయితే మంచిదే. కానీ ఆమె అడిగింది పేర్ల గురించి. గూగుల్ ఫోటోస్ ముఖాలను తనంతట తాను గుంపులు చేస్తుంది, పేర్లు మళ్లీ మనమే పెట్టాలి. పెట్టగలిగిన మనిషి ఇప్పుడు లేడు. పైగా 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ప్రతి ఫోటో 15 జీబీ ఉచిత లెక్కలోకి వస్తుంది. ఆమెది 186 జీబీ.

నాది అనంతపురంలో స్టూడియో. ఫోల్డర్ మార్చడం మీద ఒక అనుభవం చెప్పాలి, ఇది పికాసాకే కాదు. మేము ఫోటోలు సరిచేయడానికి లైట్‌రూమ్ క్లాసిక్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాం. ఫోటోలు ఒక చోట, వాటికి మనం చేసిన రంగులు, క్రాప్‌లు, రేటింగ్‌లు క్యాటలాగ్ అనే ఇంకో ఫైల్లో ఉంటాయి. క్యాటలాగ్‌కి ఫోటో ఎక్కడుందో దారి మాత్రమే తెలుసు. మూడేళ్ల కిందట మా దగ్గర కొత్తగా చేరిన పిల్లవాడు డిస్క్ నిండిందని ఒక పెళ్లి ఫోల్డర్‌ని విండోస్‌లోనే ఇంకో డ్రైవ్‌కి లాగేశాడు. లైట్‌రూమ్ తెరిస్తే 3,200 ఫోటోలకీ ఆశ్చర్యార్థకం గుర్తు. అంతవరకు ప్రమాదం లేదు, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి "ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్" అని కొత్త చోటు చూపిస్తే అన్నీ తిరిగి కలుస్తాయి. వాడు కంగారులో "సింక్రనైజ్ ఫోల్డర్" కొట్టాడు. అందులో "కనిపించని ఫోటోలను క్యాటలాగ్ నుంచి తీసేయి" అని ఒక టిక్ ఉంటుంది. అది పడింది. నాలుగు రాత్రుల పని పోయింది. లైట్‌రూమ్ తానే తీసిపెట్టుకునే బ్యాకప్ క్యాటలాగ్ ఉండబట్టి మూడు రాత్రుల పని వెనక్కి వచ్చింది. నాలుగో రాత్రి పని మళ్లీ చేశాం.

అప్పటి నుంచి మా స్టూడియోలో పద్ధతి ఇది. ఫోల్డర్‌ని విండోస్‌లో కాపీ చేస్తాం, కట్ చేయం. కాపీ సరిపోయిందని చూసుకున్నాక లైట్‌రూమ్‌లో "అప్‌డేట్ ఫోల్డర్ లొకేషన్" కొట్టి కొత్త దారి చూపిస్తాం. పాతది నెల దాటాకే తీస్తాం. ఫోటోలు చూపించే సాఫ్ట్‌వేర్ ఏదైనా, దానికి చెప్పకుండా వెనక నుంచి ఫోల్డర్ కదిలించకూడదు.


వేరుశనగ (ధర్మవరం)
ఆదివారం, ఉదయం 7:30

అర్థమైంది అన్నా. ఒక సందేహం. ఒకే డ్రైవ్‌లో అయితే కట్ చేస్తే ఏం ప్రమాదం? క్షణంలో అయిపోతుంది కదా.


బురుజు నీడ (కర్నూలు)
ఆదివారం, ఉదయం 8:02

ఒకే డ్రైవ్‌లో అయితే ఫోటో కదలదు, అది ఏ ఫోల్డర్‌లో ఉందనే నమోదు మాత్రమే మారుతుంది. అందుకే క్షణంలో అయిపోతుంది. అక్కడ ఫైలు చెడిపోయే భయం తక్కువ. వేరే డ్రైవ్‌కి కట్ చేస్తే మాత్రం వెనక జరిగేది కాపీ, ఆ వెంటనే డిలీట్. మధ్యలో కరెంటు పోయినా, యూఎస్‌బీ వైరు కదిలినా సగం అక్కడ సగం ఇక్కడ. ఏది ఎక్కడుందో మళ్లీ పోల్చుకోవాలి.

రెండో భయం ఒకే పేరున్న ఫైళ్లు. కెమెరాలు 9999 దాటాక మళ్లీ 0001 నుంచి మొదలుపెడతాయి. రెండు ఫోల్డర్‌లను ఒకదాంట్లో కలిపేటప్పుడు "రీప్లేస్ చేయాలా" అని అడుగుతుంది. తొందరలో అవును అంటే 2012 యాగంటి ఫోటో మీద 2016 మహానంది ఫోటో కూర్చుంటుంది. అక్కా, ఇప్పుడు ఫోల్డర్‌లను సర్దడం, కలపడం ఏదీ చేయొద్దు. ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లండి.

ఇక మీ కాపీ సంగతి. ఈ డిస్క్‌కి మామూలు కాపీ పేస్ట్ వద్దు. విండోస్‌లోనే రోబోకాపీ అని ఉంది, కమాండ్ విండోలో నడుస్తుంది. దానికి పాత ఫోల్డర్, కొత్త ఫోల్డర్ దారి ఇచ్చి, స్లాష్ ఈ పెడితే ఖాళీ ఫోల్డర్‌లతో సహా అన్నీ వస్తాయి, దాచినవి కూడా. ముఖ్యమైనవి స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1. ఇవి పెట్టకపోతే చదవలేని ఒక్క ఫైలు తగిలినా అది 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. మీ డిస్క్ ఆ ఒక్క ఫైలు దగ్గరే చచ్చిపోతుంది. 1 పెడితే ఒకసారి మళ్లీ చూసి, రాకపోతే రాసుకుని ముందుకు పోతుంది. స్లాష్ డీకాపీ కోలన్ టీ పెడితే ఫోల్డర్‌ల తేదీలు కూడా నిలుస్తాయి.

ఇంకో రెండు మాటలు. నాన్నగారి ఫోల్డర్ పేర్లు తెలుగులో ఉన్నాయి కాబట్టి కమాండ్ విండోలో గళ్లు గళ్లుగా కనబడతాయి. భయపడొద్దు, కాపీలో పేర్లు సరిగ్గానే ఉంటాయి. లాగ్ ఫైలుకి (ఏవి కాపీ అయ్యాయో, ఏవి కాలేదో రాసుకునే ఫైలు) మామూలు లాగ్ బదులు స్లాష్ యూనిలాగ్ వాడండి, అందులో తెలుగు చదవగలిగేలా వస్తుంది. స్లాష్ ఎంఐఆర్ అని ఎక్కడైనా చూసి వాడొద్దు. అది రెండు వైపులా ఒకేలా చేయాలని, కొత్త వైపు అదనంగా ఉన్నవి తుడిచేస్తుంది. దారులు తారుమారైతే అసలు ఫోటోలే పోతాయి.

నేను కొండారెడ్డి బురుజుకి దగ్గర్లోనే ఉంటాను. చేయలేకపోతే చెప్పండి, వచ్చి పెట్టిస్తాను.


చెయ్యేరు (రాజంపేట)
ఆదివారం, ఉదయం 9:15

అక్కా, నేను సాంకేతికంగా చెప్పగలిగేది తక్కువ. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మా బంధువుల ఇల్లు పోయింది. వాళ్ల ఫోటోలన్నీ ఒక్క హార్డ్ డిస్క్‌లో ఉండేవి, అది కూడా ఇంట్లోనే. బురదలో దొరికింది, పని చేయలేదు. చెన్నైలో డేటా తీసే చోట అడిగితే చెప్పిన డబ్బు వాళ్లు ఇవ్వగలిగేది కాదు. మీరు ఒక్క డిస్క్‌కి కాపీ చేసి ఆగొద్దు. రెండోది తీసి వేరే ఊళ్లో ఎవరి దగ్గరైనా పెట్టండి. మీ ఊరు కూడా రెండు నదుల మధ్యనే ఉంది.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)
ఆదివారం, మధ్యాహ్నం 12:40

ముందు మంచి మాట. పాత ఫోల్డర్‌లో ఆ దాచిన ఫైలు ఉంది! పికాసా మూసేసి, ఆ ఫైలును ఫోటోల పక్కన పెట్టి మళ్లీ తెరిచాను. మేనత్త, ఎమ్మిగనూరు మామ, పెళ్లిలో వంట చేసిన అవ్వ, అందరి పేర్లూ వచ్చాయి. అమ్మ చూసి ఏడ్చింది.

ఒరిజినల్స్ ఫోల్డర్ కూడా ఉంది సార్. నాన్న మరకలు తుడిచినవన్నీ తుడవక ముందు ఎలా ఉన్నాయో అందులో ఉన్నాయి. ఇన్నేళ్లూ మాకు తెలియదు.

తమ్ముడూ, రోబోకాపీ ఇప్పుడే మొదలుపెట్టాను. యూపీఎస్ ఉంది. ఎంత సేపు పడుతుంది?


బురుజు నీడ (కర్నూలు)
ఆదివారం, మధ్యాహ్నం 12:55

పాత కంప్యూటర్‌లో నీలం రంగు పోర్టు లేకపోతే అది యూఎస్‌బీ 2. సెకనుకి 30 ఎంబీ వస్తే గొప్ప. 186 జీబీకి ఎంత లేదన్నా గంటా ముప్పావు, చిన్న ఫైళ్లు, దెబ్బతిన్న డిస్క్ కాబట్టి ఇంకా ఎక్కువే అనుకోండి. మధ్యలో వేరే పని దాని మీద చేయొద్దు. ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి.


పాత కెమెరా (ప్రొద్దుటూరు)
ఆదివారం, మధ్యాహ్నం 1:30

చాలా సంతోషం అమ్మా. ఇంకో రెండు ఫోల్డర్‌లు మర్చిపోకండి, అవి డి డ్రైవ్‌లో ఉండవు. సి డ్రైవ్‌లో యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా, లోకల్, గూగుల్. అందులో "పికాసా2", "పికాసా2ఆల్బమ్స్". పేర్ల పట్టిక, నాన్నగారు చేసుకున్న ఆల్బమ్‌లు వాటిలో ఉంటాయి. యాప్‌డేటా కూడా దాచిన ఫోల్డరే. వాటినీ కొత్త డిస్క్‌కి కాపీ చేయండి.

తర్వాతి మెట్టు గురించి నా సలహా. గూగుల్ 2016లోనే పికాసాను ఆపేసింది. ఉన్న కంప్యూటర్‌లో పని చేస్తూనే ఉంటుంది, కానీ పేర్లను దాని చీటీల్లోనే వదిలేస్తే ఎప్పటికీ దాని మీదే ఆధారపడాలి. పేరును ఫోటో లోపలికే ఎక్కించేయాలి. పాత కంప్యూటర్ పికాసాలోనే, కొత్త డిస్క్‌లోని కాపీ ఫోల్డర్‌ని ఫోల్డర్ మేనేజర్ ద్వారా చేర్చండి. అది ఐఎన్ఐ ఫైళ్లు చదివి పేర్లు చూపిస్తుంది. అప్పుడు టూల్స్, ఎక్స్‌పెరిమెంటల్ లోపల "ముఖాలను ఎక్స్ఎంపీలో రాయి" అనేది ఉంది. ఎక్స్ఎంపీ అంటే ఫోటో ఫైలు లోపలే వివరాలు రాసే పద్ధతి. కాపీ మీద మాత్రమే నడపండి, డి డ్రైవ్‌లో ఉన్న అసలు వాటి జోలికి వెళ్లొద్దు. ముందు మేనత్త పెళ్లి ఒక్కటే చేసి చూడండి.

అది అయ్యాక కొత్త లాప్‌టాప్‌లో డిజికామ్ అనే ఫోటోల సాఫ్ట్‌వేర్ వేయండి. ఉచితం. ఫోటోలో రాసిన ముఖం పేర్లను అది చదివి పీపుల్ అనే చోట చూపిస్తుంది. అక్కడ పేరు కనిపిస్తే ఆ పేరు ఇక ఫోటోలోనే ఉన్నట్టు లెక్క.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)
ఆదివారం, రాత్రి 8:10

కాపీ సాయంత్రం ఆరింటికి అయింది. రెండు ఫోల్డర్‌ల ప్రాపర్టీస్ పోల్చాను. కొత్త డిస్క్‌లో దాదాపు రెండున్నర జీబీ ఎక్కువ చూపిస్తోంది! కాపీలో ఎక్కువ ఎలా వస్తుంది? టెన్షన్‌గా ఉంది.


బురుజు నీడ (కర్నూలు)
ఆదివారం, రాత్రి 8:24

అక్కా, మీరు చూసింది "సైజ్ ఆన్ డిస్క్". దాని పైన ఉన్న "సైజ్" చూడండి. పోర్టబుల్ డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వచ్చి ఉంటుంది. మీ డి డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్, అది ఫైలుకు చోటు 4 కేబీ ముక్కలుగా ఇస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ ఇంత పెద్ద డిస్క్ మీద 128 కేబీ ముక్కలుగా ఇస్తుంది. ప్రతి ఫైలు చివరి ముక్కలో కొంత ఖాళీ మిగులుతుంది. సగటున ఫైలుకు 64 కేబీ అనుకుంటే 41 వేల ఫైళ్లకు రెండున్నర జీబీ. లెక్క సరిపోయింది.

ఇప్పుడు లాగ్ చివర "ఫెయిల్డ్" అనే గడిలో ఎంత ఉందో చెప్పండి. అదే అసలు సంగతి.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)
ఆదివారం, రాత్రి 8:40

సైజ్ దాదాపు ఒకటే, కొన్ని ఎంబీలు తక్కువ. ఫెయిల్డ్ 3. లాగ్‌లో పేర్లు తెలుగులోనే ఉన్నాయి. రెండు 2014 మంత్రాలయం ఆరాధన ఫోటోలు. మూడోది స్కాన్, జేజి ఒక్కటే కూర్చున్నది. జేజిది అదొక్కటే ఫోటో.


పెన్న గాలి (అనంతపురం)
ఆదివారం, రాత్రి 9:05

అమ్మా, ఇప్పుడు ఆ ఫైలు తెరవడానికి పదే పదే ప్రయత్నించొద్దు. డిస్క్ ఆపి చల్లారనివ్వండి. రేపు పొద్దున చల్లటి పూట ఆ మూడింటినే విడిగా ఒక్కసారి కాపీ చేసి చూడండి. రాకపోతే స్కాన్ చేసిన స్టూడియోలో గానీ, నాన్నగారు ఎవరికైనా సీడీ రాసిచ్చారేమో బంధువుల్లో గానీ అడగండి. ఆ రోజుల్లో స్కాన్ చేయిస్తే సీడీ ఇవ్వడం మామూలు.


వేరుశనగ (ధర్మవరం)
ఆదివారం, రాత్రి 9:30

మేడం, ఫ్యామిలీ గ్రూపులో కూడా వెతకండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చిన్నదైపోతుంది, తీసిన తేదీ వివరాలు పోతాయి, కానీ ఏమీ లేకపోవడం కంటే మేలు. ఫైలు పేరులోనే వచ్చిన తేదీ ఉంటుంది కాబట్టి నాన్నగారు పంపిన రోజు గుర్తుంటే తొందరగా దొరుకుతుంది.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)
బుధవారం, రాత్రి 9:45

సోమవారం పొద్దున మంత్రాలయం ఫోటోల్లో ఒకటి వచ్చింది. రెండోదీ, జేజి ఫోటో కూడా రాలేదు. అందరికీ ఫోన్లు చేశాను. ఆదోనిలో చిన్నాయన దగ్గర నాన్న 2011లో రాసిచ్చిన సీడీ దొరికింది. కొత్త లాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదు, తమ్ముడు (బురుజు నీడ) బయట నుంచి తగిలించే డ్రైవ్ తీసుకుని ఇంటికి వచ్చాడు. సీడీ మీద గీతలున్నా చదివింది. అందులో జేజి ఉంది. మంత్రాలయం ఫోటో మాత్రం పోయింది.

కాపీని ఇంకో సాఫ్ట్‌వేర్‌తో లోపలి డేటా వరకు పోల్చి చూశాడు, ఫ్రీఫైల్‌సింక్. పేర్లు, సైజులు కాకుండా ఫైలు లోపల ఉన్నది పోల్చే పద్ధతి పెట్టాడు, పూర్తి కావడానికి రాత్రంతా పట్టింది. మిగతావన్నీ సరిపోయాయి.

ఎక్స్ఎంపీ పని నిన్న ముగిసింది. ఈ రోజు సాయంత్రం లాప్‌టాప్‌లో డిజికామ్ తెరిచి అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. పీపుల్ జాబితాలో నాన్న పెట్టిన పేర్లన్నీ తెలుగులో, ఆయన రాసిన వరసలతో వచ్చాయి. జేజి ఫోటోకి మాత్రం పేరు లేదు, సీడీలో అది పేరు పెట్టక ముందుది. ఆ ఒక్క పేరు నేను రాశాను.

రెండో డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్ చేయించి, ఇంకో కాపీ తీశాను. ఆదివారం చెల్లెలు అనంతపురం వెళ్తూ తీసుకెళ్తుంది. పాత కంప్యూటర్ వైరు తీసి పక్కన పెట్టాను, ఏడాది వరకు తాకను.


పాత కెమెరా (ప్రొద్దుటూరు)
బుధవారం, రాత్రి 10:05

అమ్మా, జేజిగారి పేరు డిజికామ్‌లో రాశారు కదా, సెట్టింగ్స్‌లో మెటాడేటా (ఫోటో వివరాలు) దగ్గర ముఖాల పేర్లు ఫైల్లో రాసే టిక్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ ఒక్క పేరు డిజికామ్ డేటాబేస్‌లోనే ఉంటుంది. అది పెట్టి, పేరును ఫోటోలోకి రాయించాకే చెల్లెలికి ఇచ్చే డిస్క్‌కి ఆ ఫోటో మళ్లీ కాపీ చేయండి.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)
బుధవారం, రాత్రి 10:20

టిక్ లేదు సార్. ఇప్పుడే పెట్టి, పేరును ఫోటోలోకి రాయించి, ఆ ఫోటోను రెండో డిస్క్‌కి మళ్లీ కాపీ చేశాను. చెల్లెలి లాప్‌టాప్‌లో తెరిచి చూశాం, జేజి పేరు కనబడుతోంది.